ఫారంలో రాయని పొగ

2023 వేసవి. సికింద్రాబాద్‌లో కార్ఖానా మెయిన్ రోడ్డు వదిలి టైర్ల షాపు సందులోకి తిరిగితే మా సెంటర్. కింద జంతువుల ఆసుపత్రి, పైన దిక్కులేని కుక్కలకూ పిల్లులకూ ఎనిమిది గదులు. ఆ పై అంతస్తు నాది. నా ఉద్యోగం పేరు అడాప్షన్ కౌన్సెలర్. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ పని ఒక్కటే: కుక్కనో పిల్లినో పెంచుకుంటామని వచ్చినవాళ్ళలో ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తేల్చడం. పన్నెండేళ్ళుగా అదే చేస్తున్నాను. సరే అన్నవాటికంటే కుదరదన్నవే ఎక్కువ.

నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. తలుపుకి తాళం వేసి, రెండు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి తాళం లాగి చూసే రకాన్ని. మావారు ఈ విషయంలో నన్ను ఆటపట్టించని రోజు లేదు. కానీ ఈ ఉద్యోగానికి అదే పనికొచ్చింది. ఫారంలో ఎవరేం రాసినా నేను నమ్మను. హోమ్ చెక్ అని ఒకటుంటుంది. జంతువును ఇచ్చేముందు వాళ్ళ ఇల్లు చూసి రావడం. కిటికీలకు జాలీ ఉందా, బాల్కనీలోంచి పిల్లి దూకే వీలుందా అని అందరూ చూస్తారు. నేను అదనంగా కర్టెన్ వాసన చూస్తాను. తడి టిష్యూతో ఫ్యాన్ రెక్క వెనక తుడుస్తాను. పసుపు మరక వచ్చిందంటే ఆ ఇంట్లో సిగరెట్ ఉన్నట్టే. చివరికి వీధి మొదట్లో పాన్ డబ్బా దగ్గర ఆగి, ఫలానా ఇంటి సారు ఏం తీసుకుంటాడని మాట కలుపుతాను. పాన్ డబ్బావాడికి తెలిసినంత పెళ్ళానికి కూడా తెలియదు.

పొగ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటుంది. ఇంట్లో పొగ ఉంటే అది బొచ్చు మీద పేరుకుని, నాలుక మీదుగా కడుపులోకి పోతుంది. తాగేవాడు బయటికి ఊదేస్తాడు, పిల్లి మింగుతుంది. ఆయాసం ఉన్న పిల్లి అయితే చెప్పనే అక్కర్లేదు. అందుకని పొగతాగేవాళ్ళున్న ఇంటికి జంతువును ఇవ్వకూడదని మా సెంటర్‌లో రూలు పెట్టించింది నేనే.

ఆ రూలు మీద నాకూ, కింద ఆసుపత్రిలో ఉండే డాక్టర్ శ్రీలతకూ ఎప్పుడూ గొడవే. ఆ వేసవిలోనే సైనిక్‌పురి నుంచి ఒక రిటైర్డ్ మిలిటరీ ఆయన వచ్చి, ఫారంలో "అవును, రోజుకు నాలుగు, డాబా మీద" అని శుభ్రంగా రాశాడు. కుదరదన్నాను.

"నిజం రాశాను కాబట్టి కుదరదు. అబద్ధం రాసి ఉంటే?" అన్నాడాయన.

"ఇంటికొచ్చి పట్టుకునేదాన్ని సార్."

"నిజం చెప్పేవాణ్ణి పట్టుకోవడం తేలికమ్మా," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శ్రీలత ఊరుకోలేదు. "మేడం, జెర ఆలోచించుండ్రి. రోడ్డు మీద లారీ పొగ పీల్చుకుంట బతికేదానికి, మిద్దె మీద నాలుగు సిగరెట్లు తాగే సారు ఇల్లు నయం కాదా? మంచిగ చూసుకునేటోళ్ళందరినీ ఎల్లగొడ్తున్నరు మీరు," అంది. నేను వినలేదు. వినే రకాన్నైతే ఈ కథ ఉండేది కాదు.

అప్పటికి మా దగ్గర రవ్వ అనే ఆడపిల్లి ఉండేది. తెల్లటి ఒళ్ళు, చెవుల దగ్గర మాత్రం వేగిన ఉప్మారవ్వ రంగు. దానికి ఆస్తమా. దగ్గు వచ్చినప్పుడు మెడ ముందుకు సాచి, పొట్ట నేలకానించి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చేసేది. చూసినవాళ్ళు వెంట్రుకల ఉండ కక్కబోతోందనుకునేవారు. దానికి రోజూ రెండు పూటలా ఇన్హేలర్ ఇవ్వాలి. చిన్నపిల్లలకు వాడే స్పేసర్, అంటే మాస్కు బిగించిన ప్లాస్టిక్ గొట్టం, దాని మూతికి పట్టి పది ఊపిరులు లెక్కపెట్టాలి. ఇంత చాకిరీ ఉన్న పిల్లిని ఎవరు తీసుకుంటారు? ఏడాది నుంచి అది మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉండేది.

అలాంటప్పుడు బోయిగూడ నుంచి సూరిబాబు కుటుంబం వచ్చింది. అతను ఒక కంపెనీలో స్టోర్స్ ఇన్‌చార్జి, భార్య లలిత స్కూల్ టీచరు, ఎనిమిదేళ్ళ కూతురు చిన్ని. చిన్నికి మొదటి చూపులోనే రవ్వ కావాలి. ఫారంలో పొగతాగేవాళ్ళు ఎవరూ లేరని రాశారు. మామూలుగా అయితే అక్కడే నా ముక్కు లేచేది. కానీ సూరిబాబు నోరు విప్పగానే నేను మెత్తబడ్డాను. అతనిది చీపురుపల్లి వైపు యాస. మాది విజయనగరం వైపు. మా నాన్న ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చాక నేనిక్కడే పుట్టి పెరిగాను గానీ, ఆ యాస చెవిన పడితే ఇప్పటికీ కుర్చీ ముందుకు జరుపుకుంటాను.

బోయిగూడలో వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాట్. హోమ్ చెక్‌కి వెళ్ళాను. కర్టెన్ చూశాను, ఫ్యాన్ రెక్క తుడిచాను. వంటింటి జిడ్డు తప్ప ఏమీ లేదు. వంటింటి వెనక వాషింగ్ మెషీన్ పెట్టుకునే చిన్న జాగాలో, సూరిబాబు తల్లి పైడమ్మ పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మనవరాలు పుట్టినప్పుడు పెంచడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిందట. నమస్కారం పెడితే తలూపింది. అంతే, మాట్లాడలేదు.

ఇంతలో చిన్ని గదిలోంచి ఒక స్పేసర్ పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "ఆంటీ, నాకు కూడా ఉంది. చిన్నప్పట్నుంచీ ఆయాసం. పది లెక్కపెట్టాలి, నాకు తెల్సు."

నా కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోవడం దేనికి. ఇంతకంటే మంచి ఇల్లు రవ్వకు దొరకదనుకున్నాను. ఆ పిల్లకు ఆయాసం ఎందుకొచ్చిందని అడగాలని తోచలేదు. కిందికి దిగితే పాన్ డబ్బా మూసి ఉంది. ఇంకో రోజు చూడొచ్చులే అనుకున్నాను. పన్నెండేళ్ళలో నేను అలా అనుకున్నది ఆ ఒక్కసారే.

మా దగ్గర ట్రయల్ పీరియడ్ నెల రోజులు. అప్పటిదాకా జంతువు మాదే, వాళ్ళింట్లో ఉంటుంది. వారానికోసారి చెకప్‌కి తేవాలి. మొదటి వారం రవ్వ బాగానే ఉంది. రెండో వారం లలిత పంపిన వీడియోలో దగ్గు వినిపించింది. మూడో వారం చెకప్‌కి తెచ్చేసరికి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసిందంటే పరిస్థితి బాగాలేదని అర్థం. శ్రీలత ఇంజెక్షన్ ఇచ్చి గాలి గొట్టం బిగించిన అద్దాల ఆక్సిజన్ పెట్టెలో కూర్చోబెట్టింది. అది తేరుకున్నాక నేను దాని మెడ వెనక ముక్కు పెట్టి చూశాను.

పొగాకు. సందేహం లేదు. సిగరెట్ కంటే ఘాటు. ఎక్కడో ఎరిగిన వాసనలా కూడా అనిపించింది గానీ, అప్పుడు నాకు కోపం తప్ప ఇంకేమీ తోచలేదు. ఎదురుగా సూరిబాబు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నా చూపు అతని వేళ్ళ మీదికి పోయింది. పెదాల మీదికి పోయింది. ఈ మనిషి నన్ను ఊరి యాసతో బోల్తా కొట్టించాడనుకున్నాను.

రవ్వను ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచమని, ఆ మధ్యాహ్నమే బోయిగూడ వెళ్ళాను. పాన్ డబ్బా తెరిచే ఉంది. యాదగిరి అని నడివయసు మనిషి. సోడా తాగి, మూడో అంతస్తు సూరిబాబు గురించి కదిపాను.

"గా సారా? సిగరెట్ తీస్కోడు మేడం," అన్నాడు.

"మరి?"

"చుట్టలు తీస్కపోతడు. వారానికో కట్ట. గీ గల్లీల చుట్టలు అడిగేటాయన గాయన ఒక్కడే. ఆయన కోసమే తెప్పిస్త నేను సుత. ఏందీ, ఏమన్న తక్లీఫా?"

తక్లీఫా! దొంగ దొరికాడనుకున్నాను. మర్నాడు రవ్వను తీసుకెళ్ళడానికి భార్యాభర్తలు వస్తే నా టేబుల్ ముందు కూర్చోబెట్టాను.

"సూరిబాబు గారూ, చుట్టలు కాలుస్తారా?"

అతను ఉలిక్కిపడ్డాడు. లలిత అతని వైపు చూసి, వెంటనే తల దించుకుంది. ఆ చూపు చాలనుకున్నాను.

"లేదు మేడం. నాకలవాటు లేదు."

"వారానికో కట్ట ఎవరికోసం కొంటున్నారు?"

అతని మొహం ఎర్రబడింది. చివరికి, "నాకే అనుకోండి మేడం. ఇకనుంచి ఇంట్లో ఉండదు. రవ్వని మాత్రం ఆపకండి. చిన్ని రాత్రి అన్నం తినలేదు," అన్నాడు.

నాకే అనుకోండి ఏమిటి? తప్పు చేసినవాడైనా ఒప్పుకుంటాడు, లేదా బుకాయిస్తాడు. ఇతను రెండూ కాకుండా మధ్యలో నిలబడ్డాడు. ఆ క్షణంలోనైనా నేను ఆలోచించాల్సింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని కంపెనీ బస్సెక్కే నలభై ఏళ్ళవాడు ఈ కాలంలో చుట్ట కాలుస్తాడా? కానీ నా బుర్రలో పొగతాగే మనిషి అంటే మగవాడే. ఇంకోసారి చూద్దామని శ్రీలత అంటే, ఆ మాట పట్టుకుని ఆఖరి అవకాశం ఇస్తున్నట్టు పెద్ద పోజు పెట్టి రవ్వను పంపాను. చెప్పకుండా వెళ్ళి పట్టుకోవాలనే పంపాను.

నాలుగు రోజులాగి, పగలు పదకొండు గంటలకు తలుపు కొట్టాను. సూరిబాబు ఆఫీసులో ఉంటాడు, ఇల్లంతా తీరిగ్గా వెతకొచ్చని నా లెక్క. సెలవులు కాబట్టి చిన్ని తలుపు తీసింది. లలిత బజారుకెళ్ళిందట. "రవ్వ నానమ్మ దగ్గరుంది," అని వంటింటి వెనక్కి చూపించింది.

పైడమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రవ్వ. ఒక చేత్తో దాని వీపు నిమురుతోంది. ఆవిడ నోరు మూసే ఉంది. పెదాల మధ్య చుట్ట కొస అంగుళం పొడుగు బయటికి ఉంది, కానీ ఆ కొసకు నిప్పు లేదు. ముక్కులోంచి మాత్రం సన్నగా పొగ వస్తోంది.

ఇది నేను ఎరిగిన దృశ్యం. మా నాయనమ్మ ఇలాగే కూర్చునేది. మా వైపు ఆడవాళ్ళు దీన్ని అడ్డపొగ అంటారు. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరదు, పని చేసుకుంటూ కాల్చుకోవచ్చు. బూడిద నేల మీద రాలదు. సెలవులకు వెళ్ళినప్పుడు పొయ్యిలోంచి నిప్పు తెచ్చి మా నాయనమ్మకు చుట్ట ముట్టించి ఇచ్చింది నేనే. మా ఇంట్లో పొగతాగేవాళ్ళు ఎవరని నన్ను ఎవరైనా అడిగి ఉంటే, మా బాబాయి పేరు చెప్పేదాన్ని. నాయనమ్మ పేరు ప్రాణం పోయినా గుర్తొచ్చేది కాదు. నాయనమ్మ చుట్ట మాకు పొగ కాదు. అది నాయనమ్మ.

"మామ్మా, అడ్డపొగా?" అన్నాను.

ఆవిడ చుట్ట తీసి, ఎర్రటి కొసను నీళ్ళ మగ్గులో ముంచి, అందులోనే వదిలేసింది. మొహం విప్పారింది. "ఓలమ్మ, నీకెలాగ తెల్సు? ఏవూరు మీది?"

చెప్పాను. మా ఊళ్ళో వాళ్ళ ఆడపడుచును ఇచ్చారట. ఏ వీధి, ఎవరింటి పక్క అని ఆవిడ ఆరా తీస్తుంటే, వచ్చిన పని ఒక నిమిషం మరిచిపోయాను. ఇంతలో రవ్వ మెడ సాచి దగ్గడం మొదలుపెట్టింది. చిన్ని పరుగున స్పేసర్ తెచ్చి, దాని మూతికి పట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. ఆ పిల్ల గొంతులోనూ సన్నటి కూత ఉంది.

దగ్గు తగ్గాక చెప్పాను. "మామ్మా, దీనికి ఆయాసం ఎక్కువవుతోంది ఈ పొగ వల్లే."

"పొగేటి? మనింట్లో పొగ తాగినోలు ఎవులున్నారు?" అని నిజంగానే చుట్టూ చూసింది. తర్వాత నా చూపు ఎటుందో గమనించి, మగ్గులో తేలుతున్న చుట్ట వైపు చూసింది. "ఇదేటి? ఇది పన్నొప్పికి మొదలెట్టినాను, పదేనేల్లప్పుడు."

"ఇదే మామ్మా."

ఆవిడ రవ్వను ఒళ్ళోంచి దింపి దూరంగా పెట్టింది. చేతులు కోకకు తుడుచుకుంది. చిన్ని వైపు చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"పిల్లికి పడదని సెప్పడానికి ఇంత దూరం వొచ్చినావు గదమ్మా. మా గుంటకి ఆరేళ్ళనుంచి ఆయాసం. నా ఒల్లోనే పెరిగింది. ఎంతమంది డాట్రు బాబులకి సూపించినారో. ఇదీ సంగతని నాకొక్కరూ సెప్పనేదేటి?"

డాక్టర్లు అడిగే ఉంటారు, ఇంట్లో ఎవరైనా పొగతాగుతారా అని. లేదని చెప్పి ఉంటారు. అబద్ధమని తెలియకుండానే చెప్పి ఉంటారు. వాళ్ళను అనడానికి నేనెవర్ని? నేను కర్టెన్లను అడిగాను, ఫ్యాన్ రెక్కను అడిగాను, పాన్ డబ్బాను అడిగాను. ఎదురుగా కూర్చున్న మనిషిని అడగలేదు.

రవ్వను ఆ రోజే వెనక్కి తెచ్చేశాను. చిన్ని మెట్ల దాకా వచ్చి ఏడ్చింది. సాయంత్రం సూరిబాబు ఫోన్ చేశాడు.

"మా అమ్మ పొద్దున్నించి ముద్ద ముట్టలేదు మేడం. మనవరాల్ని నేనే పాడుచేశానంటోంది. మీకేం కావాలో అది నన్నడగొచ్చు కదా?"

"అడిగానుగా. మీకే అనుకోమన్నారు."

"ఫారం రాసినప్పుడు నిజంగా గుర్తు రాలేదు మేడం. మీరు చుట్టలనేసరికి గుర్తొచ్చింది. అపార్ట్‌మెంట్లో వాళ్ళు మా అమ్మని చూసి నవ్వుతారు. నోట్లో నిప్పెట్టుకుంటుందని వీడియో తీశారొకరు. మీ ముందు ఆవిడ పేరెత్తాలనిపించలేదు."

క్షమించమని అడిగాను. దొంగ అని మనసులో అనుకున్నందుకు కూడా అడిగాను, ఆ సంగతి అతనికి తెలియకపోయినా. శ్రీలతకు చెప్పి, పైడమ్మకు అలవాటు మాన్పించే డాక్టరు ఎక్కడుంటారో కనుక్కుని నంబరు పంపాను. ఆ వారమే ఫారం మార్చాను. ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లన్నీ రాసి, ఒక్కొక్కరి పేరు ఎదురుగా సిగరెట్, బీడీ, చుట్ట, హుక్కా విడివిడిగా పెట్టి, ఎవరికి వాళ్ళే జవాబు చెప్పాలని షరతు పెట్టాను. రూలు మాత్రం అలాగే ఉంచాను.

ఐదు వారాల తర్వాత పైడమ్మ వచ్చింది. సూరిబాబు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, కుర్చీలో కూర్చుని, రెండు అరచేతులూ నా ముందుకు చాపింది.

"వాసన సూడు."

ఇంకెవరైనా అయితే మొహమాటపడేవారు. నేను చూశాను. అరచేతులు, కోక చెంగు, తల. సబ్బు వాసన. నోటి దగ్గర సోంపు వాసన. సోంపు అనగానే నా అనుమానం లేచి కూర్చుంది.

"సోంపు ఎందుకు మామ్మా?"

"నోరు ఊరుకోదమ్మా. ఏదోటి నమలాల."

"ఈ ఐదు వారాల్లో ఒక్కటి కూడా కాల్చలేదా?"

"లేదు మేడం," అన్నాడు సూరిబాబు. "నేను కట్ట కొనడమే మానేశాను. చిన్నికి కూడా చాలా నయం."

పైడమ్మ అతని మోకాలి మీద చరిచింది. "నువ్వొల్లకుండు. నన్నడిగింది." నా వైపు తిరిగింది. "పాత కట్టలో మిగిలినవి రెండు కాల్చినాను. ఒకటి మొదటి వారంలో, ఉండబట్టక. రెండోది నిన్న మద్దేన్నం. రేపు నీ దగ్గరికి రావాలంటే గుండె దడదడలాడిపోనాది. కిందకెల్లి, నీల్ల టాంకీ ఎనకాల కూకొని కాల్చినాను. తానం సేసి, కోక మార్సి పైకెల్లినాను. గుంటని మరి ముట్టనేదు నిన్నంతా."

సూరిబాబు నోరు తెరుచుకుని తల్లి వైపు చూస్తున్నాడు. అతనికీ తెలియదు.

నేను ఫారం తీసి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను: పైడమ్మ, చుట్ట, ఐదు వారాల్లో రెండు. వేలిముద్ర వేయించి, నెలరోజుల ట్రయల్ మళ్ళీ మొదటి నుంచి అని చెప్పి, రవ్వను బుట్టలో పెట్టి ఇచ్చాను. మళ్ళీ కాల్చినా సరే, నాకు ఫోన్ చేసి చెప్పాలన్నాను. పిల్లికి ఒక్క దగ్గు వచ్చినా వెనక్కి తెస్తానన్నాను.

"సెప్పకుండా వొచ్చి సూసుకో," అంది పైడమ్మ బుట్ట ఒళ్ళో పెట్టుకుంటూ. "నువ్వు నమ్మవని నాకు తెల్సు."

వాళ్ళు వెళ్ళాక, కింద ఆసుపత్రి ఫైల్లో పెట్టమని ఆ ఫారం ఇస్తే, శ్రీలత చదివి నా మొహం వైపు చూసింది.

"ఏంది మేడం ఇది? చుట్ట అని రాసి ఉంది. పొగతాగే ఇంటికి ఇయ్యొద్దని రూలు పెట్టింది మీరే గదా."

"నేనే."

"మరి?"

"ఒక్కటి కూడా కాల్చలేదని చెప్పి ఉంటే ఇచ్చేదాన్ని కాను," అన్నాను.